కారు ఏసీ వేయగానే ముక్కిన వాసన: ఫిల్టర్ మార్చినా పోవడం లేదు

ప్రశ్న:
ఏసీ వేసిన మొదటి రెండు మూడు నిమిషాలు ఆరని తడిగుడ్డ వాసన వస్తోంది, తర్వాత తగ్గిపోతుంది. చల్లదనానికి లోటేమీ లేదు. క్యాబిన్ ఫిల్టర్ కొత్తది వేసినా తేడా కనబడలేదు. డాష్‌బోర్డ్ విప్పి కూలింగ్ కాయిల్ బయటికి తీస్తే తప్ప పోదంటున్నారు మెకానిక్. విప్పకుండా కుదరదా? ఫోమ్ క్లీనర్ అయితే ఎక్కణ్ణుంచి కొట్టాలి?

జవాబు 1:
అప్పుడే డాష్‌బోర్డ్ జోలికి వెళ్లొద్దండీ. చాలావరకు ఫోమ్‌తోనే పోతుంది.

ముందు వాసన ఎక్కడ పుడుతోందో చూడండి. ఏసీ నడిచేటప్పుడు కాయిల్ సున్నాకి కొద్ది డిగ్రీల పైన ఉంటుంది. గాలిలోని తేమ దాని రేకుల మీద నీరై దిగుతుంది. ఇంజిన్ ఆపగానే ఆ తడి, కాయిల్ ఉండే చీకటి పెట్టెలో అలాగే మిగిలిపోతుంది. రేకులకు పట్టిన దుమ్ము, ఆ తడి కలిస్తే బూజూ బ్యాక్టీరియా పెరుగుతాయి. గాలి ముందు ఫిల్టర్ దాటి, ఆ తర్వాత కాయిల్‌కి చేరుతుంది. కాబట్టి ఫిల్టర్ ఎంత కొత్తదైనా దాని వెనకున్న మురికిని ఏమీ చేయలేదు.

ఫోమ్ కాయిల్ మీదే పడాలి, కిటుకంతా అందులోనే ఉంది. ఏసీ గాలి వచ్చే జాలీల్లోంచి కొడితే సగం దారిలోనే ఆగిపోతుంది. ఫిల్టర్ తీసిన ఖాళీలోంచి చూస్తే ఎదురుగా కాయిల్ రేకులు కనబడితే అక్కణ్ణుంచే కొట్టవచ్చు. కొన్ని కార్లలో ఫిల్టర్ సరిగ్గా బ్లోవర్ (గాలిని తోసే ఫ్యాన్) మీద ఉంటుంది. అక్కడ కొడితే ఫోమ్ మోటార్‌లోకి దిగి అది పాడవుతుంది. అలాంటి వాటిలో బ్లోవర్ రెసిస్టర్ (ఫ్యాన్ వేగాన్ని మార్చే భాగం) తీసి ఆ రంధ్రంలోంచి, లేదా కింద కాయిల్ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపులోంచి పొడుగు ట్యూబు పెట్టి కొట్టాలి.

ఇంజిన్, బ్లోవర్ రెండూ ఆపి ఉండాలి. డ్రెయిన్ కింద ఒక పళ్లెం పెట్టండి. ట్యూబు కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూ, డబ్బా మీద చెప్పినంత ఫోమ్ లోపలికి పంపి 15–20 నిమిషాలు వదిలేయండి. నురుగు కరిగి మురికి నీళ్లుగా కిందికి కారుతుంది. ఫిల్టర్ తప్ప తీసినవన్నీ బిగించి, తలుపులు తెరిచి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ ఆపి హీటర్ పూర్తిగా పెట్టండి. బయటి గాలి మోడ్‌లో బ్లోవర్‌ని మొదట తక్కువ వేగంలో వేయాలి, లేదంటే మిగిలిన నురుగు మొహాన పడుతుంది. తర్వాత వేగం పెంచి 10 నిమిషాలు నడిపితే కాయిల్ ఆరుతుంది. ఫిల్టర్ అన్నిటికన్నా చివర. దాని మీది బాణం గాలి వెళ్లే దిక్కుకి ఉండాలి. పాత వాసన పట్టిన ఫిల్టర్ మళ్లీ పెడితే చేసిన పనంతా వృథా.

జవాబు 2:
పై పద్ధతి సరైనదే, కానీ అంతకన్నా ముందు డ్రెయిన్ చూడండి. ఏసీ 15 నిమిషాలు నడిస్తే కారు కింద నీళ్లు బొట్లుబొట్లుగా పడాలి. (గాలి బాగా పొడిగా ఉన్న రోజు ఈ పరీక్ష నమ్మకండి.) పడకపోతే పైపు పూడుకుపోయిందేమో అనుమానించాలి. నీళ్లు పెట్టెలోనే నిలిచి, ముందు సీటు దగ్గర కార్పెట్‌లోకి దిగుతాయి. మ్యాట్ ఎత్తి, కార్పెట్ కింది స్పాంజిని గట్టిగా అదిమి చూడండి, పైన పొడిగా ఉన్నా అడుగున తడి ఉండొచ్చు. ఆ స్థితిలో ఎన్ని ఫోమ్ డబ్బాలు కొట్టినా వాసన తిరిగి వస్తుంది. పైపు శుభ్రం చేయడానికి మెత్తటి నైలాన్ తీగ చాలు. గట్టి ఇనుప తీగ బలంగా పొడిస్తే కాయిల్‌కి చిల్లు పడొచ్చు, అప్పుడు గ్యాస్ పోతుంది.

బ్లీచ్ మాత్రం వాడకండి. కాయిల్ అల్యూమినియం, దాన్ని బ్లీచ్ తినేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
నీళ్లు బాగానే పడుతున్నాయి, స్పాంజి పొడిగానే ఉంది. ఫిల్టర్ మాత్రం బ్లోవర్ మీదే ఉంది. రెసిస్టర్ తీయడం కష్టమా? మళ్లీ వాసన రాకుండా ఏం చేయాలి?

జవాబు 3:
కష్టమేం కాదండీ. సాధారణంగా గ్లోవ్ బాక్స్ వెనక, బ్లోవర్‌కీ కాయిల్‌కీ మధ్య గొట్టానికి బిగించి ఉంటుంది. ముందు కనెక్టర్ ఊడదీసి, తర్వాత స్క్రూలు విప్పండి. బ్లోవర్ అప్పటిదాకా నడిచి ఉంటే అది చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది, చల్లారనివ్వాలి. కనెక్టర్‌లోకి ఫోమ్ పోకుండా పక్కకి కట్టేయండి.

మళ్లీ రాకూడదంటే కాయిల్‌ని తడిగా వదిలి బండి ఆపకూడదు. గమ్యం ఇంకో ఐదు నిమిషాలుందనగా ఏసీ బటన్ ఒక్కటే ఆపి, బ్లోవర్‌ని బయటి గాలి మోడ్‌లో నడవనివ్వండి. వాన పడుతుంటే అద్దాలకి ఆవిరి పట్టవచ్చు. అప్పుడు ఇది మానేసి ఏసీ వేసే ఉంచండి, దారి కనబడటం ముఖ్యం. ఎప్పుడూ రీసర్క్యులేషన్‌లోనే (లోపలి గాలినే తిప్పే మోడ్) ఉంచే అలవాటుంటే మానండి, మన ఊపిరిలోని తేమ కూడా ఆ కాయిల్ మీదికే చేరుతుంది. ముందు అద్దం కింది జాలీలో చేరిన ఎండుటాకులు ఏరేయండి. సెంటు డబ్బాలు వాసనని కప్పుతాయంతే, బూజుని చంపవు.

జవాబు 4:
ఇంకో మాట. వచ్చేది తియ్యటి వాసన అయి, అద్దం లోపలివైపు జిడ్డు పొర పడుతూ, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) మట్టం తగ్గుతుంటే అది బూజు కాదు, హీటర్ కోర్ (వేడి కూలెంట్ తిరుగుతూ హీటర్ గాలిని వేడిచేసే భాగం) కారుతోందన్నమాట. దానికి ఫోమ్ పనిచేయదు, ఆలస్యం చేయకుండా వర్క్‌షాప్‌లో చూపించండి. పెట్రోలు వాసనైనా, పొగ వాసనైనా అంతే.