తలసీమియా పిల్లల కోసం హైదరాబాద్ నుంచి విశాఖకు సైకిల్ యాత్ర: సలహా కావాలి

ప్రశ్న – మేనమామ

అందరికీ నమస్కారం. మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. తలసీమియా మేజర్ ఉన్నందువల్ల ప్రతి మూడు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించవలసి వస్తోంది. దానివల్ల ఒంట్లో పేరుకుపోయే ఇనుమును తొలగించడానికి రోజూ మందులు కూడా వాడాలి. ఆ మందులు కొనలేక అవస్థపడే తల్లిదండ్రులను ఆసుపత్రిలో దగ్గరగా చూశాను కనుక, అటువంటి పిల్లలకు సాయం చేసే ఒక స్వచ్ఛంద సంస్థకు విరాళాలు సేకరిస్తూ హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వరకు, సుమారు 620 కిలోమీటర్లు, నాలుగు రోజుల్లో సైకిల్‌పై వెళ్లాలని సంకల్పించాను. ప్రపంచ తలసీమియా దినమైన మే 8న విశాఖ చేరాలని నా కోరిక. ఇంకా తొమ్మిది నెలల సమయముంది.

నా వయసు 41. రెండేళ్లుగా ప్రతి ఆదివారం 50, 60 కిలోమీటర్లు తొక్కుతున్నాను. వంద దాటింది మాత్రం ఒక్కసారే. ఇది నాకు సాధ్యమవుతుందా? బంధువులు పంపే డబ్బును నా ఖాతాలో వేయించుకుని చివర్లో సంస్థకు అందజేయడం సరైన పద్ధతేనా? పాప పేరు చెప్పి అడిగే డబ్బు విషయంలో చిన్న పొరపాటు కూడా జరగకూడదన్నది నా ఆందోళన.

జవాబు – తెల్లవారుజాము

మీ సంకల్పం సాధ్యమే, కానీ దయచేసి మే నెల వద్దు. ఆ రోజుల్లో విజయవాడ, ఏలూరు ప్రాంతాల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఉదయం పదింటికే రోడ్డు మీద నిలబడలేని ఎండలో రోజుకు 150 కిలోమీటర్లు తొక్కితే వడదెబ్బ ప్రాణం మీదికి తెస్తుంది. సంక్రాంతి రద్దీలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్ల దగ్గర వాహనాలు బారులు తీరుతాయి కాబట్టి అది కూడా దాటనిచ్చి జనవరి చివరి వారం పెట్టుకోండి.

ఇంకొక మాట. చలికాలంలో కోస్తా మీద గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. విజయవాడ నుంచి విశాఖకు దారి కూడా ఈశాన్యానికే సాగుతుంది కనుక మీకు ఎదురుగాలి తప్పదు. ఒక జనవరిలో ఆ దారిన వెళ్లినప్పుడు తుని చేరేసరికి హ్యాండిల్ మీద ఆనించి ఆనించి నా చిటికెన వేళ్లు మొద్దుబారిపోయి, వారం రోజుల వరకు చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను. అందువల్ల విశాఖలో బయలుదేరి హైదరాబాద్‌లో ముగించడం గురించి ఆలోచించండి. విజయవాడ తర్వాత దారి ఎత్తుకు వెళ్తుంది నిజమే, కానీ ఆ ఐదు వందల మీటర్ల ఎత్తు 270 కిలోమీటర్ల పొడవునా పరచుకుని ఉంటుంది. రాజమండ్రి, విజయవాడ, సూర్యాపేటల్లో రాత్రి బస చేయవచ్చు. మొదటి రోజు 190 కిలోమీటర్లు భారమనిపిస్తే తునిలో ఆగి, యాత్రను ఐదు రోజులు చేసుకోండి.

అంతకు ముందు 200 కిలోమీటర్ల బీఆర్ఎం (నిర్ణీత గడువులోపు ముగించవలసిన దూరపు సైకిల్ సవారీ) ఒకటి తప్పక పూర్తి చేయండి. దానికి పదమూడున్నర గంటల గడువు ఉంటుంది. అది ముగించిన మర్నాడే మళ్లీ 80 కిలోమీటర్లు తొక్కి చూడండి, ఎందుకంటే ఇటువంటి యాత్రలో అసలు పరీక్ష మొదటి రోజు కాదు, ఒళ్లు నొప్పులతో మళ్లీ సీటు ఎక్కవలసిన రెండో ఉదయం. లారీ టైర్లు పేలినప్పుడు రాలే సన్నని ఉక్కు తీగలు హైవే అంచున చాలా ఉంటాయి కాబట్టి రెండు ట్యూబులు, చిన్న పట్టకారు వెంట ఉంచుకోండి.

జవాబు – లెక్కల పుస్తకం

డబ్బు మీ ఖాతాలోకి రానేకూడదు. దాతలు నేరుగా సంస్థ ఖాతాకే పంపాలి, రసీదు వారి పేరుతోనే రావాలి. సంస్థకు 80జి గుర్తింపు (దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చేది) ఉందో లేదో ముందే చూడండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికే ఆ మినహాయింపు వర్తిస్తుందని, 2,000 రూపాయలు మించిన నగదుకు వర్తించదని కూడా దాతలకు ముందే చెప్పడం మంచిది.

మన ఇళ్లలో అమెరికా బంధువులు ఉండనే ఉంటారు. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది మాత్రం, వారికి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద అనుమతి ఉంటేనే దానిని స్వీకరించగలదు. మీ బస, తిండి ఖర్చులు మీరే పెట్టుకుంటున్నారని విజ్ఞప్తిలో స్పష్టంగా రాయండి. అడగకపోయినా ప్రతి దాత మనసులో ఆ ప్రశ్న ఉంటుంది.

జవాబు – రక్తసంబంధం

మే 8ని మీరు పూర్తిగా వదులుకోనక్కరలేదు. వేసవిలో కాలేజీలకు సెలవులు కావడంతో రక్తదాన శిబిరాలు తగ్గి, రక్తనిధుల్లో నిల్వలు పడిపోతాయి. ఈ పిల్లలకు అసలు కష్టకాలం అదే. జనవరిలో మీ యాత్రను అనుసరించిన వారందరినీ ఆ రోజు రక్తదానానికి పిలవండి. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు కాబట్టి, మీ యాత్ర సమయంలో ఇచ్చినవారిలో పురుషులైనా అప్పటికి మళ్లీ ఇవ్వగలుగుతారు.

మేనమామ

ముగ్గురికీ కృతజ్ఞతలు. దిశ మార్చుకోవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. పాప ఉండేది హైదరాబాద్‌లోనే. రక్తం ఎక్కించిన తర్వాతి వారంలోనే తనకు కాస్త ఓపిక ఉంటుంది కనుక, ఆ వారంలో హయత్‌నగర్ చేరేలా తేదీ నిర్ణయించుకుంటాను. అక్కడికి వచ్చి నిలబడతానని ఇప్పటికే మాట ఇచ్చింది.