‘పల్లెటూరి పిల్లగాడా’ చిన్నపిల్లతో పాడించాలి, శ్రుతి ఎంత పెట్టాలి?

ప్రశ్న (నల్గొండ నుంచి ఒక అమ్మ):
మా పాప నాలుగో తరగతి. స్కూల్ వార్షికోత్సవంలో ‘పల్లెటూరి పిల్లగాడా’ ఒక్కతే పాడాలి. ఇంట్లో ఉత్తగా పాడితే బాగానే ఉంటుంది, కరోకే ట్రాక్ పెట్టగానే కింది స్వరాలు వినపడనే వినపడవు, పై స్థాయిలో ఎత్తుకోమంటే అరుస్తుంది. ఇంకో టెన్షన్ ఏంటంటే, డ్యాన్స్ సారు దీనికి కీబోర్డ్ బీట్ వేసి స్పీడ్ పెంచుదాం, లేకపోతే జనం లేచి పోతారు అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు, ఎందుకని అడిగితే మాత్రం చెప్పలేకపోతున్నా. ఈ పాట కథ, బాణీ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

హార్మోనియం, దేవరకొండ:
పాపది కాదక్కా తప్పు, ట్రాక్‌ది. శ్రుతి అంటే సా ఎక్కడ పెట్టుకుంటామో అది, హార్మోనియం తెల్ల మెట్ల లెక్కన ఒకటి అంటే సి, రెండు డి, ఐదు జి, ఆరు ఎ. మగగొంతుకు చేసిన ట్రాక్‌లు ఎక్కువగా ఒకటి, రెండు శ్రుతుల మధ్య ఉంటాయి. ఆ ఈడు పిల్లలకు ఐదు, ఆరు మధ్య హాయి. ఒకటి నుంచి ఐదుకు తేవాలంటే యాప్‌లో ఏడు అర స్వరాలు (నల్ల మెట్లు కూడా కలిపి ఏడు మెట్లు) పైకి జరపాలి, లేదా ఐదు కిందికి. పైకి జరిపితే ఫ్లూట్ కీచుమంటుంది, కిందికి జరిపితే తబలా బురదలో వాయించినట్టు ఉంటుంది. ట్రాక్ పక్కన పెట్టేయండి, హార్మోనియం, ఒక డప్పు చాలు. శ్రుతి చూసేటప్పుడు పల్లవి పాడించకండి. అన్నిటికంటే పైకి వెళ్లే లైను ముందు పాడించి, మెడనరాలు తేలకుండా ఎక్కడ అందుకుందో చూసి, అక్కడి నుంచి వెనక్కి వచ్చి సా పెట్టుకోండి.

సూర్యాపేట పాతపాటలు:
సుద్దాల హనుమంతు రాసిన పాట అది. ఆయనది మన పాత నల్గొండ జిల్లానే, తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో గొల్ల సుద్దులు, బుర్రకథ లాంటి జానపద కళలు పట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. ‘నేను సైతం’కు జాతీయ అవార్డు అందుకున్న సుద్దాల అశోక్ తేజ ఆయన కొడుకే. 1979లో తీసిన ‘మాభూమి’ సినిమాలోకి ఎక్కాక పాట అందరికీ తెలిసింది. దొర దగ్గర జీతానికి కుదిరి పసుల వెంట పోయే పిల్లవాడి పాట. ఒంటికి చాలని చినిగిన అంగి, నెత్తిన గోనెపట్టా, కాళ్లకు తాటి జోడు, అంతా కళ్లకు కట్టేస్తాడు. పాట నిండా ఆ పిల్లవాణ్ని అడిగే ప్రశ్నలే, వాడు ఒక్కదానికీ బదులు పలకడు. అందుకే లైను చివర సాగదీసి వదిలేస్తారు, ఆ ఖాళీలోనే ఏడుపొస్తుంది. బీట్ వేస్తే మొదట పోయేది ఆ ఖాళీనే. సారుకు ఇదే చెప్పండి.

నాగర్‌కర్నూల్ తమ్ముడు:
అట్లాగని స్పీడే పాపం అన్నట్టు మాట్లాడకండన్నా. అదే సినిమాలో గద్దర్ తెర మీద కనిపించి పాడిన ‘బండెనక బండి కట్టి’, బండి యాదగిరి పాట, నెమ్మదిగా పాడితే చచ్చిపోతుంది. ఒకరు అంటే పదిమంది అందుకోవాలి దానికి. సారుకు బీట్ కావాలంటే గుంపు పిల్లలకు ఆ పాట ఇప్పించండి, గొడవ వదిలిపోతుంది. మా దిక్కు 12 మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం వాయించే మొగులయ్య ఉన్నాడు, 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వచ్చాక పిల్లలంతా ఆ ముక్క పట్టుకున్నారు. పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ ఆయన పాడుతుంటే వినిపించండి పాపకు, ఎక్కడ ఆపాలో, ఎక్కడ మాటలా చెప్పేయాలో తెలుస్తుంది. ఇక డప్పు సంగతి. రాత్రి మంచుకు తోలు సడలి బొదబొదమంటుంది, స్టేజి వెనక కాస్త మంట వేసి కాపించుకోమనండి. పాపకు వాయించేటప్పుడు చిర్ర (లావు పుల్ల) పక్కన పెట్టి ఉత్త సిటికెన పుల్ల (సన్న పుల్ల)తోనే వాయించమనండి, గొంతు మీద పడకుండా ఉంటుంది.

నల్గొండ అమ్మ:
థాంక్స్ తమ్ముడూ, సారు దానికి ఒప్పుకున్నారు, గుంపుకు ‘బండెనక బండి’. పాప ఐదున్నరలో పాడుతోంది, పై లైను దగ్గర మాత్రం కొంచెం లాగుతోంది.

హార్మోనియం, దేవరకొండ:
ఐదుకు దించేయండి. జనాన్ని చూడగానే గొంతు ఇంకాస్త బిగుసుకుంటుంది. చరణాలు కూడా రెండు చాలు, అన్నీ పాడించకండి.