ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో గణితం డిగ్రీ చదవడం సాధ్యమేనా?

పూర్తికాల ఉద్యోగం చేస్తున్న నేను, దానిని వదులుకోకుండా గణితం ప్రధానాంశంగా దూరవిద్యలో డిగ్రీ చదవాలా వద్దా అన్న విషయంలో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే తరగతులకు రానివారు కూడా పరీక్షలు రాసి పట్టా పొందే వీలు కల్పించింది కనుక, ఈ పద్ధతి కొత్తదీ కాదు, చిన్నచూపు చూడవలసినదీ కాదు. నా సందేహమంతా చదువు సాగే తీరు గురించే. తరగతి గదిలో ఒక నిరూపణ అర్థం కాకపోతే అక్కడికక్కడే అడగవచ్చు. ఒంటరిగా పాఠ్యపుస్తకం ముందు కూర్చున్నప్పుడు అదే సందేహం వారాల తరబడి నిలిచిపోయి, తర్వాతి అధ్యాయాలన్నింటికీ అడ్డుపడుతుందేమోనని నా భయం. (క్రమశిక్షణ ఉంటే చాలునని చాలామంది అంటారు గాని, క్రమశిక్షణ సందేహాలు తీర్చదు కదా.) సంప్రదింపు తరగతులు (దూరవిద్య విద్యార్థులకు అప్పుడప్పుడు అధ్యాపకులు నేరుగా నిర్వహించే తరగతులు), అసైన్‌మెంట్లపై అధ్యాపకులు రాసే వ్యాఖ్యలు ఈ లోటును నిజంగా ఎంతవరకు పూడుస్తాయి?

విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉన్నదో లేదో నేనే సరిచూసుకోగలను. అయితే పై చదువుల ప్రవేశాల్లోనూ ఉద్యోగ నియామకాల్లోనూ ఈ పట్టాను రెగ్యులర్ డిగ్రీతో సమానంగా చూశారా అన్నది ఆ దారిలో నడిచినవారే చెప్పగలరు. పని ఒత్తిడి వల్ల కొన్ని పరీక్షలు వాయిదా వేసుకున్నా గడువులోగా డిగ్రీ పూర్తి చేసినవారు ఉంటే, ఏ సబ్జెక్టులను ముందు రాశారో కూడా దయచేసి తెలియజేయగలరు.