ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో చేరేవాళ్లకు మీ అనుభవాలు చెప్పండి

సిరిసిల్ల అక్క:
అందరికీ నమస్కారం. మా చెల్లికి ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ సీటు వచ్చింది. మాది సిరిసిల్ల దగ్గర పల్లె, నాన్న మరమగ్గాల మీద పని చేస్తారు. మా ఇంట్లో ఇంజినీరింగ్ చదివేది తనే మొదలు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నామని ఆన్‌లైన్‌లో తెలపడం) అయిపోయింది, వచ్చే సోమవారం కాలేజీకి వెళ్లాలి. ఏ కాగితాలు తీసుకెళ్లాలి, హాస్టల్ ఎలా చూసుకోవాలి, క్లాసులో ఇంగ్లిష్ అర్థం కాకపోతే ఏం చేయాలి? సీటు వచ్చిన రోజు ఎగిరి గంతేసిన పిల్ల రెండు రోజుల నుంచి సరిగా తినడం లేదు. నాకూ టెన్షన్‌గానే ఉంది, కానీ తన ముందు బయటపడటం లేదు.

మూడో ఏడాది ఈఈఈ:
అక్కా, ముందు కాగితాల సంగతి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ సర్టిఫికెట్లు, ఆధార్, ర్యాంకు కార్డు, అలాట్‌మెంట్ ఆర్డర్, ఫొటోలు. ఒక్కోదానికి ఐదారు జిరాక్సులు మీ ఊళ్లోనే తీయించుకోండి. అన్నీ ఫోన్‌లో కూడా స్కాన్ చేసి పెట్టుకోండి. నేను చేరిన రోజు కాలేజీ గేటు దగ్గర జిరాక్స్ షాపులో గంటన్నర నిలబడ్డాను.

టీసీ ఒరిజినల్ ఇవ్వాల్సిందే. మెమోలు మాత్రం సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలి. కాలేజీలు ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలను చూసే యూజీసీ 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నిబంధనా అదే. నేను చేరినచోట "అందరివీ ఉంచుకుంటాం" అన్నారు. మా నాన్న గట్టిగా అడగలేకపోయారు. తర్వాత ఎడ్యుకేషన్ లోన్ కోసం బ్యాంకులో ఒరిజినల్స్ చూపించమంటే నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాను. మీకూ అలా అంటే, ఏయే కాగితాలు తీసుకున్నారో రాసి స్టాంపు వేసిన రసీదు లేకుండా అక్కడి నుంచి కదలకండి.

నల్గొండ అమ్మ:
అమ్మా, ఫీజు రీయింబర్స్‌మెంట్ విషయం నేను చెప్తాను, మా అబ్బాయి దగ్గర దెబ్బతిన్నాం. దానికి ఈ-పాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టే దరఖాస్తు కాలేజీవాళ్లే పెట్టుకుంటారని వాడు అనుకున్నాడు. కాదు. పిల్లలే ఆన్‌లైన్‌లో పెట్టాలి, మీసేవలో వేలిముద్ర వేయాలి, ఆ ప్రింటు జిరాక్సులతో కలిపి కాలేజీలో ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉండాలి. మావాడికి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. అది సరిచేయించేసరికి గడువు దగ్గరపడి, రాత్రుళ్లు నిద్ర లేదు. మీరు ఈరోజే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకై ఉందో లేదో కూడా కనుక్కోండి.

ఇంకోటి. బీసీ, ఈబీసీ పిల్లలకు ఇంజినీరింగ్‌లో ర్యాంకు 10 వేల లోపు ఉంటే మొత్తం ఫీజు వస్తుంది, దాటితే కొంతవరకే ఇస్తారు. మిగతాది మనమే కట్టుకోవాలి. ఎంత కట్టాలో చేరేముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. దరఖాస్తు ఒక్కసారితో అయిపోదు, ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి.

కోఠి పుస్తకం:
ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవచ్చు, ఎంపికైతే ఏడాదికి 50 వేలు. అందరికీ రాదు, మెరిట్‌ను బట్టి ఇస్తారు. వేరే స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్ల విషయంలో షరతులున్నాయి, అవి చదివాకే దరఖాస్తు పెట్టండి.

పుస్తకాలు మొదటి వారమే కొనేయకండి. ఏ రెగ్యులేషన్ (యూనివర్సిటీ నియమావళి), ఏ సిలబస్ అని క్లాసులో చెప్పాక కోఠిలో పాతవి వెతకండి, లేదా సీనియర్లను అడగండి. ఇంజినీరింగ్ డ్రాయింగ్ గీసే డ్రాఫ్టర్ కూడా అంతే. చాలాచోట్ల ఇప్పుడు డ్రాయింగ్ కంప్యూటర్ మీదే చేయిస్తున్నారు.

లెక్కల మాస్టారు:
నేను పద్నాలుగేళ్లుగా మొదటి ఏడాది పిల్లలకు మ్యాథ్స్ చెప్తున్నాను. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పాలి.

వాళ్లకు లెక్క రాక కాదు. మాత్రిక, నిర్ధారకం, అవకలనం, సమాకలనం అన్నీ వాళ్లకు క్షుణ్ణంగా వచ్చు. నేను బోర్డు మీద మ్యాట్రిక్స్, డిటర్మినెంట్, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ అనగానే అవేవో కొత్త పాఠాలనుకుని భయపడతారు. ఒకమ్మాయి మొదటి మిడ్‌లో, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలో, ఖాళీ పేపరు ఇచ్చింది. పిలిచి అదే ప్రశ్న తెలుగులో అడిగితే నా ముందే ఐదు నిమిషాల్లో చేసి చూపించింది. ఆ రోజు నాకు చాలా బాధేసింది, నెలన్నర నుంచి నా క్లాసులోనే కూర్చున్న పిల్ల కదా.

అప్పటినుంచి అందరికీ ఒకటే చెప్తున్నాను. ఒక నోటుబుక్కులో పేజీకి నడిమధ్య గీత గీయండి. ఎడమవైపు ఇంగ్లిష్ పదం, కుడివైపు మీకు తెలిసిన తెలుగు పదం. వెక్టర్ అంటే సదిశ, యాక్సిలరేషన్ అంటే త్వరణం, సెమీకండక్టర్ అంటే అర్ధవాహకం. రోజుకు పది చాలు. మొదటి మిడ్‌కల్లా క్లాసు సగానికి పైగా తెలిసిపోతుంది. ఏఐసీటీఈ మొదటి ఏడాది పుస్తకాలను తెలుగులో కూడా తెచ్చింది, ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకే పాఠాన్ని ముందు తెలుగులో, వెంటనే ఇంగ్లిష్‌లో చదవమనండి. పరీక్ష రాయాల్సింది ఇంగ్లిష్‌లోనే కాబట్టి రెండోది మానకూడదు.

డౌట్ అడగడానికి సిగ్గుపడితే క్లాసయ్యాక స్టాఫ్ రూముకు రమ్మనండి, తెలుగులోనే అడగమనండి. ఏ లెక్చరరూ తెలుగులో అడిగినందుకు తప్పుపట్టడు. పడితే అది ఆయన తప్పు.

మూడో ఏడాది ఈఈఈ:
సార్ చెప్పినదానికి తోడు హాజరు సంగతి. జేఎన్‌టీయూ కాలేజీల్లో 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) తీసుకోవచ్చు. 65 కూడా లేకపోతే డిటైన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. నా రూమ్మేట్ పండగలకు ఊరెళ్లి ప్రతిసారీ వారం ఆలస్యంగా వచ్చి, ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాడు. జ్వరమొచ్చి ఇంటికెళ్తే డాక్టరు చీటీ దాచుకోవాలి.

వరంగల్ పిల్ల:
హాస్టల్ గురించి నేను చెప్తా అక్కా. ఫొటోలు చూసి అడ్వాన్సు పంపొద్దు. సాయంత్రం ఏడు తర్వాత వెళ్లి చూడండి, నీళ్లు వస్తున్నాయా, అన్నం ఎలా ఉంది, వీధిలో లైట్లున్నాయా అన్నీ అప్పుడే తెలుస్తాయి. ఒక్కో బాత్రూముకు ఎంతమందో అక్కడుండే అమ్మాయిలనే అడగండి, వార్డెన్‌ను కాదు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత కోస్తారో రాయించుకోండి. నాకు సగం కోసేశారు.

బస్సుకు భయం లేదు. ఆధార్‌లో తెలంగాణ చిరునామా ఉంటే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచితం. కండక్టరు ఇచ్చే జీరో (సున్నా రూపాయల) టికెట్ మాత్రం తప్పకుండా తీసుకోవాలి. కాలేజీ బస్సు ఫీజు కట్టేముందు ఆ దారిలో సిటీ బస్సు ఎన్నింటికి ఉందో చూసుకోండి.

నర్సాపురం అబ్బాయి:
ర్యాగింగ్ గురించి ఎవరూ రాయలేదు. నాకు జరిగింది. రాత్రి పదకొండుకు గదికి పిలిచి నిలబెట్టేవాళ్లు. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు, తినబుద్ధి కాలేదు, చదువు మానేసి ఊరెళ్లిపోదామనుకున్నాను. చివరికి మా అమ్మకు ఫోన్‌లో ఏడుస్తూ చెప్పాను. ఆమె యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522కు చేసింది. రెండు రోజుల్లో కాలేజీ కమిటీ పిలిచింది, ఆ తర్వాత ఎవరూ నా జోలికి రాలేదు. చేరేటప్పుడు పిల్లలూ తల్లిదండ్రులూ ర్యాగింగ్ వ్యతిరేక అఫిడవిట్ ఇస్తారు కదా, దాన్ని ఊరికే సంతకం పెట్టి వదిలేయకండి, చదవండి. మన దగ్గర 1997 నుంచే దీనికి చట్టం ఉంది, వేధిస్తే ఆరు నెలల వరకు, కొడితే ఏడాది వరకు జైలు శిక్ష.

మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416కు చేయొచ్చు. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు. నేను రెండుసార్లు చేశాను. మీ చెల్లికి ఈ రెండు నంబర్లూ ఫోన్‌లో సేవ్ చేసి ఇవ్వండి అక్కా.

సిరిసిల్ల అక్క:
అందరికీ పేరుపేరునా దండాలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నల్గొండ అమ్మ చెప్పినట్టు చూస్తే చెల్లి ఆధార్‌లో పేరు తేడాగానే ఉంది, చేరకముందే దిద్దించాం. కాలేజీలో మెమోలు అడిగారు, యూజీసీ నోటిఫికేషన్ ఫోన్‌లో చూపిస్తే జిరాక్సులు తీసుకుని ఇచ్చేశారు. మొదటి వారం రోజూ రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. మాస్టారు చెప్పిన నోటుబుక్కులో ఇప్పటికి నూట నలభై మాటలు రాసుకుంది. నిన్న మొదటిసారి సీ ప్రోగ్రామింగ్ ల్యాబులో లేచి డౌట్ అడిగిందట. సార్, తెలుగులోనే అడిగింది. ఆ మేడమ్ తెలుగులోనే చెప్పారట.

ఇప్పుడు ఒక్క సందేహం మిగిలింది. చెల్లి ఈ-పాస్ ప్రింటు కాలేజీలో ఇవ్వడానికి వెళ్తే క్లర్కు లేరు, పక్కనున్నవాళ్లు టేబుల్ మీద పెట్టి వెళ్లమన్నారు. పెట్టొచ్చా?

నల్గొండ అమ్మ:
వద్దమ్మా. వెనక్కి తెచ్చుకుని రేపు మళ్లీ వెళ్లమను. క్లర్కు చేతికే ఇచ్చి, జిరాక్సు మీద తేదీ వేయించి సంతకం తీసుకోమను. అప్లికేషన్ నంబరు నువ్వు కూడా ఒక చోట రాసి పెట్టుకో.