ఇలిజరోవ్ ఫ్రేములో ఒక నట్టు వెనకబడుతోంది, క్లిక్ నట్టు పెట్టించుకున్నవాళ్లున్నారా?

మాది హనుమకొండ. మా తమ్ముడి కుడి మోకాలి కింది పెద్ద ఎముకను పొడిగించడానికి రింగుల ఫ్రేము (ఇలిజరోవ్) వేశారు. రింగుల మధ్య నాలుగు రాడ్లు, వాటి నట్లు తిప్పితే రింగులు దూరం జరుగుతాయి. రోజుకు 1 మి.మీ., అంటే ఆరు గంటలకోసారి పావు చుట్టు: పొద్దున 6, పగలు 12, సాయంత్రం 6, రాత్రి 12. ఇవాళ్టికి 18 రోజులు. స్కేలు పెడితే ముందు మూడు రాడ్లు 18 మి.మీ. జరిగాయి, పిక్క వైపుది మాత్రం 16 దగ్గరే ఉంది.

నట్టుకు ఆరు మూలలు కాబట్టి పావు చుట్టంటే ఒకటిన్నర పక్క. అర్ధరాత్రి టార్చి వెలుగులో అది ఎవరికి తెలుస్తుంది! నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టాం. లాక్ నట్టును (తిప్పిన నట్టు కదలకుండా పట్టి ఉంచేది) పదో నంబరు పానాతో బిగించాం. అయినా రెండు రోజుల్లో మళ్లీ అర మి.మీ. తేడా వచ్చింది. జ్వరం, చీము లేవు. డాక్టరుగారికి ఫోన్ చేస్తే సోమవారం ఎక్స్‌రే తీద్దాం, అప్పటిదాకా మీరుగా సరిచేయొద్దన్నారు.

పావు చుట్టుకోసారి టక్కుమని ఆగే నాలుగు పలకల నట్లు ఉన్నాయట. వేసి ఉన్న ఫ్రేముకే వాటిని మధ్యలో మార్పించుకున్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఓపీలోనే మార్చారా, మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి వచ్చిందా?