ఈడిస్ ఈజిప్టై మైక్రోశాటిలైట్లు: ఈ రెండు లోకస్‌లను కాపాడుకోవచ్చా?

డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమల జన్యు తేడాలు చూడటానికి, 2018లో వచ్చిన రిఫరెన్స్ జీనోమ్ నుంచి మూడక్షరాల రిపీట్లు (మైక్రోశాటిలైట్లు, అంటే డీఎన్ఏలో అవే అక్షరాలు వరుసగా మళ్లీమళ్లీ వచ్చే చోట్లు) ఎంచుకుని, వాటిని పీసీఆర్‌లో కాపీ చేయడానికి ప్రైమర్లు (ఆ చోటుకు ఇరువైపులా అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) డిజైన్ చేశాను. రెండు లోకస్‌లు (జీనోమ్‌లోని అలాంటి చోట్లు) మాత్రం దారికి రావడం లేదు. అన్ని ప్రాంతాల దోమల్లోనూ వీటిలో హోమోజైగోట్లు (రెండు కాపీలూ ఒకేలా ఉన్నవి) మరీ ఎక్కువ. కొన్ని దోమల్లో అసలు పీకే (కాపీ అయిన ముక్కను చూపే సంకేతం) రాదు. అదే డీఎన్ఏ మిగతా లోకస్‌లలో చక్కగా పనిచేస్తోంది కాబట్టి తప్పు డీఎన్ఏది కాదు. అంతఃప్రజననమైతే (దగ్గరి బంధువుల మధ్య సంతానోత్పత్తి) అన్ని లోకస్‌లలోనూ కనిపించాలి కదా! తోబుట్టువుల గొడవ లేకుండా ఒక్కో తొట్టి నుంచి ఒక్క దోమనే తీసుకున్నాం. నా అనుమానమంతా నల్ అల్లీల్స్ (ప్రైమర్ అతుక్కునే చోట మార్పు ఉండి కాపీ కాని రూపాలు) మీదే.

ఆనీలింగ్ (ప్రైమర్లు అతుక్కునే దశ) ఉష్ణోగ్రతకు 54 నుంచి 62 డిగ్రీల దాకా గ్రేడియంట్ పెట్టాను, మెగ్నీషియం క్లోరైడ్‌ను 1.5 నుంచి 2.5 మిల్లీమోలార్‌కు పెంచాను. ఫలితం లేదు. 50 డిగ్రీలకు దించితే ఒకటికి నాలుగు బ్యాండ్లు వస్తున్నాయి. ఈ జీనోమ్ నిండా ట్రాన్స్‌పోజాన్లే (చోటు మారుతూ కాపీలు పెంచుకునే డీఎన్ఏ ముక్కలు), అదే తలనొప్పి. రివర్స్ ప్రైమర్‌ను కాస్త పక్కకు జరిపినా అంతే.

ఇలాంటి లోకస్‌లో ఫార్వర్డ్ ప్రైమర్‌ను కూడా మార్చి నల్ అల్లీల్స్‌ను వదిలించుకున్నవారు ఎవరైనా ఉన్నారా, లేక వీటిని పక్కన పెట్టేయడమే నయమా?