క్యాంపర్ వ్యాన్‌లో గ్యాస్ ఫ్రిజ్ చల్లబడట్లేదు, హైదరాబాద్‌లో ఎవరైనా బాగు చేసుకున్నారా?

ఉప్పల్_వ్యాన్
అందరికీ నమస్తే. పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో ఒక క్యాంపర్ వ్యాన్ తీసుకున్నా, అందులో త్రీవే ఫ్రిజ్ ఉంది, అంటే గ్యాస్, 230 వోల్టుల కరెంటు, 12 వోల్టుల బ్యాటరీ మూడిటి మీదా నడిచేది. కొన్న కొత్తల్లో బానే ఉండేది. ఇప్పుడు గ్యాస్ మీద పెడితే మంట అంటుకుంటుంది కానీ రాత్రంతా ఉంచినా లోపల 18 డిగ్రీల కంటే దిగట్లేదు. ఇద్దరు ఫ్రిజ్ మెకానిక్‌లని పిలిచా, ఇద్దరూ వెనక తీసి చూసి కంప్రెసర్ ఏదండీ అని అడిగారు, ఒకాయన గ్యాస్ నింపుతా మూడు వేలు అన్నాడు. మా నాన్నకి ఇన్సులిన్ ఉంది, వచ్చే నెల శ్రీశైలం తీసుకెళ్తానని మాటిచ్చా. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

మినీబార్_మెకానిక్
అన్నా, గ్యాస్ నింపుతా అన్నోళ్ళని దాని దగ్గరికి రానియ్యకు. ఈ ఫ్రిజ్‌ల కంప్రెసర్ ఉండదు, నింపనీకి వాల్వ్ కూడ ఉండదు. అమ్మోనియా, నీళ్ళు, హైడ్రోజన్ పెట్టి ఫ్యాక్టరీలనే వెల్డింగ్ చేసి మూసేస్తరు. కింద బాయిలర్ వేడైతే అమ్మోనియా ఆవిరై పైకి పోతది, కండెన్సర్ల చల్లారి నీళ్ళలెక్క అయితది, ఫ్రిజ్ లోపలి పైపుల హైడ్రోజన్‌తోటి కలిసి మళ్ళ ఆవిరైతప్పుడు చుట్టుపక్కల వేడి గుంజుకుంటది, ఆ తర్వాత నీళ్ళు దాన్ని పీల్చుకొని మళ్ళ బాయిలర్‌కి తెస్తయి. హోటల్ రూముల్ల మినీబార్లు చానా వరకు గిదే టైపు, చప్పుడుండదు గదా అందుకు. పదేండ్ల సంది అవే చూస్తున్న.

ఇప్పుడు నువ్వు జెయ్యాల్సింది ఒక్కటే. గ్యాస్ బంద్ చేసి 230 మీద పెట్టి 12 గంటలు ఆగు. చల్లబడితే లోపలి యూనిట్ మంచిగున్నట్టే, తప్పంతా మంట కాడనే. వెనక పైపుల మీద పసుపు పొడి కనబడ్డా, ముక్కు మండే వాసన వచ్చినా యూనిట్ లీకైనట్టు, అప్పుడు వెంటనే ఆపేసి తలుపులు తెరువు, దగ్గర అగ్గిపుల్ల కూడ గియ్యకు.

ఉప్పల్_వ్యాన్
భయ్యా చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఇంటి ముందు ప్లగ్ పెట్టి ఉంచా, పొద్దున 5 డిగ్రీలు చూపించింది! పసుపు పొడి లేదు, వాసనా లేదు. అయితే మంట దగ్గరేనన్నమాట. చిన్న అద్దం పెట్టి చూశా, మంట పసుపుగా ఎత్తుగా లేస్తోంది, చిమ్నీ దగ్గర మసి కూడా ఉంది.

బాలానగర్_ఫిట్టర్
పసుపు మంటా? రెగ్యులేటర్ ఏదుందో చెప్పండి ముందు.

ఉప్పల్_వ్యాన్
మార్చిలో పైపు మార్పించినప్పుడు షెడ్డులో అతను రెగ్యులేటర్ కూడా మార్చాడు, తిప్పే నాబ్ ఉంది దానికి. ఇదే మంచిది, ప్రెషర్ ఎక్కువొస్తుంది అన్నాడు.

బాలానగర్_ఫిట్టర్
అదేనండీ మీ జబ్బు. ఆ నాబ్ రెగ్యులేటర్ హోటళ్ళలో పెద్ద భట్టీ పొయ్యిలకి వాడేది. మీ ఫ్రిజ్ తలుపు లోపల స్టిక్కర్ చూడండి, 30 మిల్లీబార్ అని ఉంటే మన ఇంటి సిలిండర్‌కి ఇచ్చే మామూలు రెగ్యులేటర్ దాదాపు అంతే ఇస్తుంది. ప్రెషర్ ఎక్కువైతే గ్యాస్‌కి సరిపడా గాలి అందదు, సగమే కాలుతుంది, మసి పడుతుంది, ఆ మసి చిమ్నీకి అడ్డం పడితే మంట ఇంకా పాడవుతుంది. ఇంకో సంగతి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, సగం కాలిన గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది, దానికి రంగూ వాసనా ఉండవు, పెద్దాయన లోపల పడుకుంటారు కాబట్టి బాగయ్యేదాకా గ్యాస్ మీద అస్సలు పెట్టొద్దు, దాన్ని పసిగట్టే అలారం కూడా ఒకటి కొనండి.

క్లీన్ చేసేటప్పుడు సిలిండర్ విప్పి వ్యాన్ బయట పెట్టేయండి, అన్నీ చల్లారాకే చెయ్యి పెట్టండి. చిమ్నీ పై నుంచి తీగకి మెలిపెట్టిన రేకు ఒకటి వేలాడుతుంది, అది బయటికి లాగండి. బర్నర్ మీద తడి గుడ్డ కప్పి సీసాలు కడిగే బ్రష్‌తో చిమ్నీ తోమండి, లేకపోతే తుప్పు, మసి అంతా బర్నర్‌లోకే పోతుంది. జెట్టుని, అంటే బర్నర్‌కి గ్యాస్ వదిలే చిన్న ముక్కని మాత్రం పిన్నుతో పొడవొద్దు, ఆ బెజ్జం వెంట్రుకంత ఉంటుంది, కొంచెం పెద్దదైనా మళ్ళీ పసుపు మంటే. స్పిరిట్‌లో రాత్రంతా నానేసి గాలి ఊదండి. బర్నర్ చీలికలకి పాత టూత్‌బ్రష్ చాలు. బిగించాక ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాసి చూడండి, బుడగ వస్తే లీకు. జెట్టూ రెగ్యులేటరూ రాణీగంజ్‌లో దొరకొచ్చు, పాత ముక్క చేతిలో పట్టుకెళ్ళండి.

పాత_ఫార్మసిస్ట్
బాబూ, నేను 1990లలో భద్రాచలం ఏజెన్సీలో పనిచేశాను. కరెంటు సరిగ్గా ఉండని పీహెచ్‌సీల్లో టీకాల మందులు కిరోసిన్ ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం, అదీ ఈ జాతిదే. వత్తి కత్తిరించడం, మంట నీలంగా ఉందా అని రోజూ పొద్దునే చూడటం మా పని, పసుపు మంట వస్తే ఆ రోజు టీకాలు పాడైనట్టే లెక్క. ఫ్రిజ్ కింద స్పిరిట్ లెవెల్ పెట్టి సరిగ్గా మట్టంగా నిలిపేవాళ్ళం, ఎందుకంటే లోపల ద్రవం తన బరువుతోనే కిందికి జారుతుంది, ఒంపు ఉంటే ఎక్కడో నిలిచిపోయి బాయిలర్ ఎండి మాడుతుంది. నువ్వు ఘాట్‌లో వాలు మీద ఆపి గ్యాస్ పెట్టి పడుకోకు.

ఇన్సులిన్ గురించి కూడా చెప్తాను. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పారెయ్యాల్సిందే, కరిగాక వాడకూడదు. లోపలి అల్యూమినియం రెక్కలకి తగలకుండా డబ్బాలో పెట్టి మధ్య అరలో ఉంచు, పక్కనే థర్మామీటర్ పెట్టు.

సోలార్_సైనిక్‌పురి
నా సలహా వేరే. దీన్ని తీసేసి 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టుకుని పైన సోలార్ వేసుకోండి. మన మే నెల 42 డిగ్రీల్లో గ్యాస్ ఫ్రిజ్ నిజంగా కష్టపడుతుంది, వెనక వేడి బయటికి పోకపోతే లోపల చల్లబడదు.

మినీబార్_మెకానిక్
సోలార్ అన్న జెప్పింది నిజమే గానీ ఉన్నది బాగైతుంటే పారేసుడు దేనికి. వెనక పై జాలీ కాడ 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి పెట్టుకో, కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతది. గాలి కింది జాలీలకెళ్ళి వచ్చి పైనుంచి పోవాలె. ఫ్రిజ్ ఉన్న దిక్కు నీడకి వచ్చేటట్టు పార్క్ జెయ్యి.

ఉప్పల్_వ్యాన్
ఆలస్యంగా రాస్తున్నా, కానీ పూర్తిగా రాస్తా, ఇంకొకళ్ళకి పనికొస్తుందని. చిమ్నీలోంచి గుప్పెడు మసి, తుప్పు రేకులు వచ్చాయి. రెగ్యులేటర్ మార్చా, ఐదేళ్ళ డేటు ముద్రించిన సురక్ష పైపు కొత్తది వేయించా. మొదట మంట నిలబడలేదు, ఫ్రిజ్ నాబ్ వదలగానే ఆరిపోయేది, చూస్తే థర్మోకపుల్, అంటే మంట వేడి తగిలితేనే గ్యాస్‌ని తెరిచి ఉంచే కడ్డీ, దాని కొన మంటకి తగలట్లేదు, కొంచెం జరిపి అర నిమిషం నొక్కి పట్టుకుంటే నిలిచింది. మంట ఇప్పుడు పొట్టిగా నీలంగా ఉంది. రాత్రి 10కి పెడితే పొద్దున 6కి 4 డిగ్రీలు, మా అమ్మని లేపి చూపించా.

శ్రీశైలం కూడా వెళ్ళొచ్చాం. మన్ననూర్ దగ్గర అడవి రోడ్డు రాత్రి 9కి మూసేస్తారు కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాం. బండి కదులుతున్నంతసేపూ సిలిండర్ ఆఫ్ చేసి 12 వోల్టుల మీద నడిపా, అది బ్యాటరీని గట్టిగా లాగుతుంది కాబట్టి ఇంజిన్ ఆపగానే ఆఫ్ చేశా. అక్కడ చక్రాల కింద చెక్కలు పెట్టి మట్టం చేసి గ్యాస్ మీద పెట్టా, మధ్యాహ్నం ఎండలో 7 దాకా ఎక్కింది, సాయంత్రానికి 4కి వచ్చింది. నాన్న రెండు పూటలా తనే థర్మామీటర్ చూసి డైరీలో రాసుకున్నారు.

పాత_ఫార్మసిస్ట్
ఆ డైరీ అలాగే కొనసాగించమని చెప్పు బాబూ. నాన్నగారికి నా నమస్కారాలు.

ఉప్పల్_వ్యాన్
తప్పకుండా చెప్తానండీ. మినీబార్ భయ్యా, ఫ్యాన్ ఇంకా పెట్టలేదు, ఆదివారం వీలైతే ఉప్పల్ రండి, మా ఇంట్లోనే భోజనం.